నవల్లో రాకెట్ ఊరికే లేస్తుంది

మాది తడ. మద్రాసు వైపు నుంచి వస్తే ఆంధ్రాకి గుమ్మం లాంటి ఊరు. బయటివాళ్ళకి తడ అంటే హైవే మీద చెక్‌పోస్టు, లేదంటే వీకెండ్‌లో బైకులేసుకుని వచ్చే జలపాతం. ఊళ్ళోవాళ్ళకి మాత్రం ఇంకో గుర్తు ఉంది. సూళ్ళూరుపేట పోయి, అక్కణ్ణుంచి పులికాట్ సరస్సు మధ్యలో వేసిన రోడ్డు పట్టుకుంటే శ్రీహరికోట వస్తుంది. షార్‌లో రాకెట్ వదిలే రోజు ఇక్కడ మిద్దెలన్నీ నిండిపోతాయి. 1971 అక్టోబర్ 9న అక్కడి నుంచి మొదటి చిన్న రాకెట్ లేచింది. 2025 జనవరి 29కి పెద్ద రాకెట్ల లెక్కలో నూరో ప్రయోగం కూడా అయిపోయింది. తాతలు చూశారు, నాన్నలు చూశారు, మేం చూశాం, ఇప్పుడు మా పిల్లలు ఫోన్లు ఎత్తిపట్టుకుని చూస్తున్నారు.

ఇంత దగ్గర్లో నిజం రాకెట్లు లేస్తున్నా, రాకెట్ కథలు మాత్రం మనకి దిగుమతి సరుకే. ఎందుకలా? సైన్స్ ఫిక్షన్ నవలని తెర మీదకి తేవడం అంత కష్టమా? ఈ వారం ముచ్చట అదే.

మా స్నేహితుడి కొడుకు ఒకడున్నాడు. శ్రీసిటీలో ఉద్యోగం. షిఫ్టు దిగాక ఫోన్‌తోనే షార్ట్ ఫిల్ములు తీస్తుంటాడు. మొన్న ఒక పాత సైన్స్ ఫిక్షన్ నవల చేత్తో పట్టుకుని వచ్చాడు.

“మామా, నవల అదిరిపోయింది. కానీ తియ్యలేం.”

“ఏంది అడ్డం?”

“గ్రాఫిక్సు మామా. దానికి డబ్బులు యాడ తెచ్చేది?”

ఈ మాట వాడొక్కడిదే కాదు. సైన్స్ ఫిక్షన్ అనగానే చాలామంది మొదట అనేది ఇదే. అందులో అబద్ధం కూడా లేదు. నవల్లో రాకెట్ ఊరికే లేస్తుంది. “రాకెట్ లేచింది” అని రచయిత రాస్తే చాలు, లేచేస్తుంది. అదే తెర మీద లేవాలంటే సెట్టు వెయ్యాలి, లైట్లు పెట్టాలి, కంప్యూటర్ల ముందు కొన్ని వందల మంది నెలల తరబడి కూర్చోవాలి.

ఒక తమాషా లెక్క చూడండి. 2013లో మన శ్రీహరికోట నుంచి వెళ్ళిన మంగళయాన్ ఖర్చు సుమారు 450 కోట్లు. అదే ఏడాది వచ్చిన హాలీవుడ్ సినిమా ‘గ్రావిటీ’కి అంతకన్నా ఎక్కువైంది. 2023లో చంద్రుడి మీద దిగిన చంద్రయాన్-3 ఖర్చు సుమారు 615 కోట్లు. ఆ మరుసటి ఏడాది వచ్చిన మన ‘కల్కి 2898 ఏడీ’కి దాదాపు 600 కోట్లు అయిందని వార్తలొచ్చాయి. అంటే చంద్రుడి మీదకి నిజంగా పోవడానికీ, భవిష్యత్తుని తెర మీద చూపించడానికీ బిల్లు ఇంచుమించు ఒక్కటే!

కాబట్టి డబ్బు సమస్య కాదని అనను. కానీ డబ్బు పోస్తే తీరే సమస్య అదొక్కటే. సైన్స్ ఫిక్షన్ నవలకి డబ్బుతో తీరని చిక్కులు ఇంకో రెండున్నాయి. గ్రాఫిక్సుకి కోట్లున్న పెద్దపెద్దవాళ్ళు కూడా అక్కడే తన్నుకులాడారు.

మనసులో మాటకి కెమెరా లేదు

మొదటి చిక్కు వివరణ. సైన్స్ ఫిక్షన్ నవల అంటే కొత్త లోకం. ఆ లోకంలో గాలి ఎట్లా ఉంటుంది, నీళ్ళు ఎవరి చేతిలో ఉన్నాయి, ఆ యంత్రం ఎట్లా పని చేస్తుంది, ఇవన్నీ చెప్పాలి. నవలా రచయితకి తొందర లేదు. రెండు పేజీలు ఆగి చెప్తాడు. మనకి బోర్ కొడితే పేజీ తిప్పుతాం, అర్థం కాకపోతే వెనక్కి తిప్పుతాం. థియేటర్లో కూర్చున్నవాడికి ఆ వీలు లేదు. ఒక పాత్ర తెర మీద నిలబడి రెండు నిమిషాలు ఫిజిక్స్ చెప్తే చాలు, జనం పాప్‌కార్న్ కోసం లేచిపోతారు. ఇంట్లో ఓటీటీ అయితే ఇంకా ఘోరం. బొటనవేలు ఒక్క నొక్కు నొక్కితే పది సెకన్లు ముందుకి.

‘డ్యూన్’ సంగతే తీసుకోండి. ఫ్రాంక్ హెర్బర్ట్ 1965లో అచ్చేసిన నవల. అందులో పాత్రలు నోటితో మాట్లాడేదాని కన్నా మనసులో అనుకునేది ఎక్కువ. ఎదుటివాడు నవ్వుతుంటే ఆ నవ్వు వెనక ఏముందో లెక్కేసుకుంటూ ఉంటారు. 1984లో డేవిడ్ లించ్ దాన్ని సినిమాగా తీస్తూ ఆ ఆలోచనల్ని గుసగుసల్లాగా వాయిస్ ఓవర్‌లో పెట్టాడు. జనానికి తికమక తప్ప ఏమీ మిగల్లేదు, సినిమా ఆడలేదు. తర్వాత డెనీ విల్నెవ్ అదే నవలని 2021లో, 2024లో రెండు సినిమాలుగా విడగొట్టాడు. రెండూ కలిపితే ఐదు గంటలు దాటుతుంది. గుసగుసలు దాదాపు తీసేశాడు. లోపలి ఆలోచనని నటుల ముఖాలకీ, ఎడారి ఇసుకకీ, సంగీతానికీ వదిలేశాడు. నవల్లో ఉన్న సమాచారం సగానికి సగం పోయింది. అయినా జనం కనెక్ట్ అయ్యారు.

దీనికే ఇంకో దారి ‘ది మార్షియన్’. ఆండీ వీర్ దాన్ని మొదట తన వెబ్‌సైట్లో ఒక్కో అధ్యాయంగా పెట్టుకుంటూ పోయాడు. మన వారపత్రిక సీరియల్ లాగే అనుకోండి. అంగారకుడి మీద ఒంటరిగా చిక్కుకున్న మనిషి డైరీ అది. ఒంటరివాడు ఎవరితో మాట్లాడతాడు? 2015లో వచ్చిన సినిమాలో అతను కెమెరా ముందు కూర్చుని వీడియో డైరీ చెప్పుకుంటాడు. ఇవాళ్టి వ్లాగర్ల లాగా. బంగాళదుంపలు పండించే లెక్కంతా మనకి చెప్పేస్తాడు, మనకి పాఠం విన్నట్టు ఉండదు. మనిషి తోడు కోసం మాట్లాడుతున్నట్టు ఉంటుంది.

ఇందులో కిటుకు చూశారా? వివరణకి అవసరం ప్రేక్షకుడిది కాకూడదు, పాత్రది కావాలి. ఆ పాత్ర చెప్పకుండా ఉండలేకపోతే మనం వినకుండా ఉండలేం.

పేరు లేని హీరో

రెండో చిక్కు ఇంకా లోతైనది. సైన్స్ ఫిక్షన్ నవల అడిగే ప్రశ్న “ఇట్లా జరిగితే ఏమవుతుంది?” అని. మనిషి కాలంలో వెనక్కీ ముందుకీ పోగలిగితే ఏమవుతుంది? యంత్రానికి మనసొస్తే ఏమవుతుంది? చదివేవాడికి ఆ ఆలోచన ఒక్కటీ చాలు, రాత్రంతా నిద్ర పట్టదు. సినిమా చూసేవాడు మాత్రం ఇంకో ప్రశ్న కలుపుతాడు. “ఏమవుతుంది, సరే. ఎవరికి?”

దీనికి అన్నిటికన్నా మంచి ఉదాహరణ హెచ్.జి.వెల్స్ రాసిన ‘ది టైమ్ మెషీన్’. 1895 నాటి చిన్న నవల. అందులో హీరోకి పేరే లేదు తెలుసా? ఊరికే కాలయాత్రికుడు అంటాడు, అంతే. ఆయన క్రీస్తు శకం 8,02,701కి పోతాడు. అక్కడ మనుషులు రెండు జాతులుగా చీలిపోయి ఉంటారు. పైన సుఖంగా బతికేవాళ్ళు ఒకరు, భూమి లోపల యంత్రాల మధ్య బతికేవాళ్ళు ఒకరు. ఆనాటి ఇంగ్లండ్‌లో ధనవంతులకీ కూలీలకీ మధ్య ఉన్న అగాధాన్ని వెల్స్ అట్లా లక్షల ఏళ్ళు ముందుకి సాగదీసి చూపించాడు. నవలకి ఆ ఆలోచనే హీరో.

మరి సినిమా వాళ్ళేం చేశారు? 1960లో జార్జ్ పాల్ తీసినప్పుడు మొదటి పని హీరోకి పేరు పెట్టడం. స్పెషల్ ఎఫెక్ట్స్‌కి ఆ సినిమాకి ఆస్కార్ కూడా వచ్చింది. 2002లో మళ్ళీ తీశారు. ఈసారి డైరెక్టర్ సైమన్ వెల్స్, స్వయానా రచయిత మునిమనవడు. ఆయన కూడా హీరోకి ఒక కారణం వెతికిపెట్టాడు. పెళ్ళాడబోయే అమ్మాయి చనిపోతే, ఆమెని వెనక్కి తెచ్చుకోవడానికి యంత్రం కడతాడు. ముత్తాత రాసిన నవల్లో ఆ అమ్మాయి లేదు. సొంత వంశంవాడికే నవల ఉన్నదున్నట్టు తియ్యడం కుదర్లేదన్నమాట.

ఇప్పుడు మన దగ్గరికి రండి. సింగీతం శ్రీనివాసరావు గారు మా నెల్లూరు సీమ మనిషి. చదువుకునే రోజుల్లో ‘టైమ్ మెషీన్’ చదివారు, ఆ ఆలోచన ఆయన్ని వదల్లేదు. ఆ కథను నిర్మాత శివలెంక కృష్ణప్రసాద్ దాకా తీసుకెళ్ళింది ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం. 1991 జులై 18న ‘ఆదిత్య 369’ వచ్చింది. మీలో చాలామంది పుట్టక ముందు సినిమా. 2025లో కొత్త ప్రింటుతో మళ్ళీ రిలీజ్ చేశారు కాబట్టి కొందరు థియేటర్లో కూడా చూసి ఉంటారు.

వెల్స్ నవలకీ ఈ సినిమాకీ పోలిక ఎంత? ఒక్క యంత్రం. మిగతాదంతా వేరే. వెల్స్ కాలయాత్రికుడు భవిష్యత్తుకే పోతాడు. సింగీతం గారి యంత్రం ముందు గతానికి పోతుంది, శ్రీకృష్ణదేవరాయల కాలానికి. అక్కడ తెనాలి రామకృష్ణుడు ఉంటాడు. వెల్స్ మనిషి ఒంటరిగా పోతాడు. ఇక్కడ ఆ యంత్రంలోకి పొరపాటున ఎక్కేవాళ్ళలో సుత్తివేలు వేసిన పోలీసు కానిస్టేబుల్ కూడా ఉన్నాడు. ఈ కానిస్టేబుల్ ఉన్నాడే, నా లెక్కలో సినిమాకి ఆయువుపట్టు ఆయనే. ఎందుకంటే మనకి రాని డౌట్లు కూడా ఆయనకి వస్తాయి. ఆయన భయపడితే మనం నవ్వుతాం. నవ్వుతూ నవ్వుతూనే కాలయానం అంటే ఏంటో మనకి ఎక్కేస్తుంది. ఇందాక చెప్పిన వివరణ చిక్కు ఆ ఒక్క పాత్రతో సగం తీరిపోయింది.

ఆ తర్వాతే 2504కి తీసుకెళ్ళారు. అక్కడ యుద్ధం తర్వాత రేడియేషన్‌కి భయపడి మనుషులు భూమి లోపల బతుకుతుంటారు. అప్పటికి ప్రేక్షకుడు ఆ యంత్రాన్ని నమ్మేశాడు. ముందు తెలిసిన రాయల కొలువు చూపించి, తర్వాత తెలియని లోకం చూపించారు. పులికాట్‌లో పడవెక్కేవాడు చెయ్యేది కూడా ఇదే. ఒక కాలు గట్టు మీద గట్టిగా ఉంచి, రెండో కాలు పడవలో పెడతాడు. రెండు కాళ్ళూ ఒకేసారి పెట్టబోతే నీళ్ళలో పడతాడు.

సీరియల్ నుంచి సినిమాకి

“తెలుగు సినిమాకి నవలలంటే పడదు మామా” అన్నాడు మా వాడు. అది మాత్రం నేను ఒప్పుకోను.

మీ అమ్మనో అమ్మమ్మనో అడగండి. యద్దనపూడి సులోచనారాణి గారి ‘జీవన తరంగాలు’, ‘మీనా’, ‘సెక్రటరీ’ నవలలుగా ఎంత ఊపేశాయో, 1970లలో సినిమాలుగా ఎంత ఆడాయో చెప్తారు. తర్వాత యండమూరి వీరేంద్రనాథ్ గారి వంతు. ‘అభిలాష’ 1983లో వచ్చింది, ఉరిశిక్ష రద్దు చెయ్యాలని పోరాడే లాయరు కథ. 1984లో ‘ఛాలెంజ్’ వచ్చింది, దానికి మూలం ‘డబ్బు టు ది పవర్ ఆఫ్ డబ్బు’ నవల. ఆ తర్వాత ‘రాక్షసుడు’. ఇట్లా వారపత్రికలో సీరియల్ రావడం, జనం వారం వారం ఎదురుచూడటం, నిర్మాత వచ్చి హక్కులు కొనుక్కుపోవడం, ఒక పద్ధతిగా నడిచింది. ప్రేమకథలు వెళ్ళాయి, థ్రిల్లర్లు వెళ్ళాయి, చేతబడి కథలు కూడా వెళ్ళాయి. ఆ వరసలో పెట్టడానికి ఒక సైన్స్ ఫిక్షన్ నవల పేరు చెప్పమంటే మాత్రం నాలిక మీదకి రాదు.

కారణం ఏంటి? నా ఆలోచన ఇది. ఆ సీరియళ్ళలో “ఎవరికి?” అన్న ప్రశ్నకి జవాబు మొదటి వారమే దొరికేది. హీరోయిన్ ఎవరో, ఆమె కష్టమేంటో తెలిసిపోయేది. సినిమావాడికి పని సులువు. సైన్స్ ఫిక్షన్ అయితే ఆ మనిషిని సినిమావాడే వెతుక్కోవాలి. వెల్స్ మునిమనవడికే తప్పని పని అది. అంత తీరిక మన షూటింగ్ షెడ్యూళ్ళకి ఎక్కడిది?

పక్క గుమ్మంలో తమిళంలో కొంచెం ముందుకి నడిచారు. రచయిత సుజాత, అసలు పేరు రంగరాజన్, స్వయంగా ఇంజనీరు. ‘ఎన్ ఇనియ ఇయందిరా’ అనే నవల రాశారు. అందులో జీనో అనే రోబో కుక్క ఉంటుంది. అది దూరదర్శన్‌లో సీరియల్‌గా కూడా వచ్చింది. మనం ‘రోబో’ పేరుతో 2010లో చూసిన శంకర్ సినిమాకి మొదట్లో పని చేసింది కూడా ఆయనే. 2008లో ఆయన పోయారు, సినిమా చూసుకోలేదు. అయితే అది ఆయన నవల కాదు, వేరే కథ. జీనోని రాసిన మనిషి చెయ్యి పడ్డా సరే, తెర మీద ఆ రోబోకి జనం కనెక్ట్ అయింది దాని మెమరీ ఎంతుందో విని కాదు. అది ప్రేమలో పడి దెబ్బతిన్నప్పుడు.

గట్టు మీద కాలు అక్కడే ఉండిపోతే?

‘కల్కి 2898 ఏడీ’ దగ్గరికొద్దాం. నాగ్ అశ్విన్ సినిమా. దానికి మూలం నవల కాదు. ఒక రకంగా చూస్తే మహాభారతమే దాని నవల. కురుక్షేత్రంలో శాపం తగిలిన అశ్వత్థామ వేల ఏళ్ళ తర్వాత కూడా బతికే ఉంటాడు. కాశీలో ఎగిరే బండ్లు తిరుగుతున్నా, ఎవరు మంచి ఎవరు చెడు అని జనం తడుముకోలేదు. అశ్వత్థామ గట్టు, 2898 పడవ. సింగీతం గారి పద్ధతే, ఇంకా పెద్ద ఎత్తున. ఈ సినిమాకి సింగీతం గారు వెనకుండి సలహాలు ఇచ్చారు కూడా.

ఇక్కడే నాకు ఒక భయం. ప్రతిసారీ గట్టు అంటే పురాణమో, రాజుల కాలమో అయితే, మన భవిష్యత్తు ఎప్పుడూ గతం వేషం వేసుకునే రావాలి. 2898లో కూడా మనకి దేవుడో యోధుడో కావాలి. మరి 2060లో సూళ్ళూరుపేటలో బతికే మామూలు మనిషి సంగతి? ఆవిడకి తాగే నీళ్ళు ఎట్లా వస్తాయి, సముద్రం ఎంత లోపలికి వచ్చింది, కొడుకు ఏ ఊరికి పోయాడు? ఈ ప్రశ్నలు అడగడానికే కదా సైన్స్ ఫిక్షన్ ఉంది.

వేరే దేశాల వాళ్ళు దీన్ని ఎట్లా ఎదుర్కొన్నారో చూడటానికి మీ ఫోన్లోనే ఒక పాఠం ఉంది. చైనా రచయిత లియు సిషిన్ నవల ‘ది త్రీ బాడీ ప్రాబ్లమ్’. 2006లో అక్కడి ఒక సైన్స్ ఫిక్షన్ పత్రికలో సీరియల్‌గా వచ్చింది. చూశారా, మళ్ళీ సీరియలే. 2023లో చైనా కంపెనీ టెన్సెంట్ దాన్ని 30 ఎపిసోడ్లు తీసింది. నవలకి చాలా దగ్గరగా, నింపాదిగా తీసింది. 2024 మార్చిలో నెట్‌ఫ్లిక్స్ 8 ఎపిసోడ్లు వదిలింది. నవల్లో ఒక్క శాస్త్రవేత్త చేసే పనిని ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకున్న ఐదుగురు స్నేహితులకి పంచేసింది. వాళ్ళ మధ్య స్నేహం, ప్రేమ, జబ్బు, అసూయ అన్నీ పెట్టింది. ప్రపంచం మొత్తం చూసింది. కానీ చైనాలో చాలామందికి కడుపు మండింది. కథ పుట్టిన మట్టిలోంచి మనుషుల్ని పీకేసి వేరే ఊరికి మార్చేశారని.

రెండు పక్షాల్లోనూ న్యాయం ఉంది. ఐదుగురు స్నేహితులు లేకపోతే బయటివాడు ఆ కథలోకి రాడు. మట్టి లేకపోతే ఆ కథ ఎవరిదో తెలీదు. అందుకే నేను అనేది, “ఎవరికి?” అన్న ప్రశ్న టెక్నిక్ గురించి మాత్రమే కాదు. భవిష్యత్తులో ఎవరుంటారు, ఎవరుండరు అని తేల్చేది కూడా ఆ ప్రశ్నే. మన కథలు మనం తియ్యకపోతే, వందేళ్ళ తర్వాతి లోకంలో మన భాష మాట్లాడేవాడు తెర మీద కనపడడు. పిల్లలు అదే నిజమనుకుంటారు.

రాకెట్‌ని చూపించొద్దు

మళ్ళీ మా వాడి నవల దగ్గరికి. “రాకెట్ సీను లేకుండా ఎట్ట మామా?” అని వాడి పట్టు.

తడలో రాకెట్ ఎట్లా కనిపిస్తుందో గుర్తు చేసుకోమన్నాను. ముందు వెలుగు వస్తుంది. శబ్దం రాదు. ప్యాడ్ నుంచి మన ఊరికి నేరుగా పాతిక కిలోమీటర్లు పైన. శబ్దం అంత దూరం రావడానికి నిమిషం పైనే పడుతుంది. ఆ నిమిషం సేపు రాకెట్ చడీచప్పుడు లేకుండా పైకి పోతూ ఉంటుంది. అందరి ముఖాలూ పైకి. తర్వాత ఎప్పుడో నెమ్మదిగా ఉరుము లాంటిది వస్తుంది. ఏ సినిమాలోనైనా ఆ మౌనం చూశారా? అన్నిట్లో రాకెట్ లేవగానే స్పీకర్లు పగిలిపోతాయి. ఆ నిమిషం తియ్యడానికి గ్రాఫిక్స్ అక్కర్లేదు. ఒక మిద్దె, పది ముఖాలు, ముఖాల మీద పడే వెలుగు చాలు.

ఇక ఆ ముఖాల్లో ఎవరిది ముఖ్యం? ప్రయోగం రోజు ఈ తీరంలో జాలర్లని సముద్రంలోకి వెళ్ళొద్దని హెచ్చరిస్తారు. కింద పడే భాగాల నుంచి కాపాడటానికే ఆ జాగ్రత్త. దేశం చప్పట్లు కొట్టే రోజు ఆ ఇంట్లో వేట ఉండదు. అయినా ఆ ఇంటి పిల్ల గట్టు మీద నిలబడి అందరికన్నా గట్టిగా కేక వేస్తుంది. రాకెట్ అంటే ఆ పిల్లకి పిచ్చి. నవల్లో అంతరిక్షానికి పోయే హీరో ఉంటే ఉండనీ. మన తెర మీద కథ ఈ పిల్ల వైపు నుంచి ఎందుకు మొదలవకూడదు?

వాడు కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత “ఆ పిల్ల నాయన ఏమంటాడు మామా?” అన్నాడు. గ్రాఫిక్స్ మాట మళ్ళీ ఎత్తలేదు.

నూనె సీసా, తుఫాను

నవల పెద్దదైతే దాన్ని పక్కన పెట్టి చిన్న కథతో మొదలెట్టండి. మనకి దగ్గరగా ఉండే కథ ఒకటి చెప్తాను. రాసింది జగదీశ్ చంద్ర బోస్. మొక్కలకి స్పందన ఉంటుందని చూపిన శాస్త్రవేత్తే. 1896లో ఒక తలనూనె కంపెనీ పెట్టిన కథల పోటీకి బెంగాలీలో ఈ కథ రాస్తే బహుమతి వచ్చింది. తర్వాత మార్చి రాసి 1921లో ‘పలాతక్ తుఫాన్’ అని వేశారు. పారిపోయిన తుఫాను అని అర్థం.

కథ ఇది. కలకత్తా మీదకి పెద్ద తుఫాను వస్తోందని అందరూ వణికిపోతారు. తీరా చూస్తే తుఫాను మాయం. శాస్త్రవేత్తలు తలలు పట్టుకుంటారు. అసలు జరిగిందేంటంటే, జ్వరం వచ్చి జుట్టు రాలిపోయిన ఒక పెద్దమనిషి సముద్ర ప్రయాణం చేస్తున్నాడు. కూతురు ఆయనకి ఒక తలనూనె సీసా ఇచ్చి పంపింది. ఓడ మునిగేలా ఉంటే ఆయన ఆ నూనె సముద్రంలో పోస్తాడు. అలలు అణిగిపోతాయి. నీటి మీద పల్చటి నూనె పొర చిన్న అలల్ని తగ్గిస్తుందన్నది నిజం సైన్సే, ఓడలవాళ్ళకి ఎప్పట్నుంచో తెలుసు. తుఫానునే ఆపెయ్యడం మాత్రం కల్పన.

మా తీరానికి తుఫాను కథ ఎవరూ నేర్పక్కర్లేదు. 1984 నవంబర్‌లో శ్రీహరికోట దగ్గర తీరం దాటిన తుఫాను గురించి పెద్దవాళ్ళు ఇంకా చెప్తుంటారు. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ వచ్చినప్పుడు నీళ్ళు ఎట్లా నిలిచాయో మీరే చూశారు. ఆ కథని పులికాట్‌కి తెచ్చామనుకోండి. ఓడ అక్కర్లేదు, ఒక పడవ చాలు. బోస్ కథలో కూతురిది చిన్న పాత్ర. సినిమాలో ఆమెనే ముందుకి తేవాలి. నాయన ఫోన్ కలవట్లేదు, గాలి లేచింది, పొద్దున సంచిలో తను పెట్టిన నూనె సీసా ఒక్కటే ఆమెకి గుర్తొస్తోంది. ఇంక మీకు గ్రాఫిక్స్ ఎందుకు?

మొదలెట్టే ముందు

తీద్దామనుకునే వాళ్ళకి నాలుగు మాటలు.

ఒకటి, హక్కులు. మన దేశంలో రచయిత పోయిన తర్వాత 60 ఏళ్ళ దాకా కాపీరైట్ ఉంటుంది. వెల్స్ 1946లో పోయారు, బోస్ 1937లో. వాళ్ళ మూల రచనలు ఇప్పుడు అందరివీ. అయితే ఈ మధ్య ఎవరైనా చేసిన అనువాదం నుంచి మాటలు తీసుకుంటే, ఆ అనువాదానికి హక్కు వేరే ఉంటుంది.

రెండు, బతికున్న రచయిత అయినా, 60 ఏళ్ళు నిండకుండా పోయినవారైనా, రచయితనో వారసులనో అడగండి. కాగితం మీద రాయించుకోండి. ఉత్త ఆలోచనకి కాపీరైట్ లేదు, నిజమే. కానీ ఆ ఆలోచనని అల్లిన సన్నివేశాలు, పాత్రలు, మాటలు ఇంకొకరి కష్టం. షార్ట్ ఫిల్మేగా, యూట్యూబేగా అని వదిలెయ్యొద్దు. తెలుగులో సైన్స్ ఫిక్షన్ రాసేవాళ్ళే కొద్దిమంది. వాళ్ళ పేరు టైటిల్స్‌లో పడితేనే ఇంకొకరు రాయడానికి కూర్చుంటారు.

మూడు, ఒక కథకి ఒకే అసాధ్యం. వెల్స్ నమ్మిన సూత్రం ఇది. కాలయంత్రం ఒక్కటి నమ్మించు, మిగతాదంతా మామూలు లోకం లాగే ఉంచు. యంత్రమూ ఉండి, గ్రహాంతర వాసీ ఉండి, మంత్రమూ ఉంటే చూసేవాడు దేన్నీ నమ్మడు.

నాలుగు, ముందు మనిషిని వెతకండి. నవల మూసేసి, అందులో జరిగిన దానివల్ల ఎక్కువ పోగొట్టుకున్నది ఎవరో ఆలోచించండి. చాలాసార్లు అది హీరో కాదు.

ఈ వారం మీకో పని. మీకు నచ్చిన సైన్స్ ఫిక్షన్ కథ ఒకటి తీసుకోండి. అది మీ ఊళ్ళో జరిగినట్టు మొదటి సీను ఒక పేజీ రాయండి. ఫోన్లో నోట్స్‌లో రాసుకున్నా పర్లేదు. ఒక్కటే షరతు. మొదటి వాక్యంలో యంత్రం పేరు ఉండకూడదు, మనిషి పేరు ఉండాలి.